ఆడపిల్ల తలనొప్పికి లెక్క ఎక్కడ?

కొల్లేటి ఊళ్లలో తలనొప్పి మందు లేని ఇల్లు ఉండదు. దేవుడి పటాల పక్క అలమరలోనో, అమ్మమ్మ ట్రంకుపెట్టెలోనో ఒక అమృతాంజనం సీసా ఉండే తీరుతుంది. ఆ సీసా వెనుక ఉన్నది మన ప్రాంతపు మనిషే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో 1893లో ఆ మందు మొదలుపెట్టారు. దాని మీద వచ్చిన రాబడి అండతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తెలుగు పత్రికకి పెట్టుబడి పెట్టింది ఒక తలనొప్పి మందన్నమాట! అంత చుట్టరికం ఉన్నా, ఎదిగే పిల్లలకి వచ్చే తలనొప్పి గురించి మనం ఇళ్లలో గానీ, బళ్లలో గానీ నోరు తెరిచి మాట్లాడుకున్నది చాలా తక్కువ. కాస్త మందు రాసి, "కళ్లు మూసుకుని పడుకో, అదే పోతుంది" అనేసి మన పనిలో మనం పడిపోతాం.

పోతుంది కూడా. మళ్లీ పది రోజులకి వస్తుంది. మళ్లీ అదే మాట. ఇలా రెండేళ్లో మూడేళ్లో గడిచాక ఆ పిల్లకి ఇంట్లో ఒక పేరు స్థిరపడిపోతుంది: "మా పెద్దదానికి ఎప్పుడూ తలనొప్పేనండీ." పేరైతే పెడతాం. ఎందుకొస్తోందని మాత్రం అడగం.

నాటకమని ఎందుకు అనిపిస్తుంది?

ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో చదివే పిల్ల మధ్యాహ్నం బడి నుంచి వచ్చేస్తుంది. సంచీ ఓ మూల పడేసి, కిటికీ తలుపులు వేసేసి, దుప్పటి ముసుగు పెట్టుకుంటుంది. దీపం వేస్తే చిరాకు. మిక్సీ చప్పుడు వింటే ఏడుపు. పోపు వాసనకీ, వాకిట్లో ఎండబెట్టిన ఉప్పుచేపల వాసనకీ కడుపులో తిప్పేస్తుంది. ఒక్కసారి భళ్లున వాంతి చేసుకుని నిద్రపోతుంది. దీపాలు పెట్టే వేళకి లేచి, మొహం కడుక్కుని, "అమ్మా, ఆకలేస్తోంది" అంటుంది. ఏమీ ఎరగనట్టు టీవీ ముందు కూర్చుంటుంది.

ఇంట్లోవాళ్లకి ఒళ్లు మండేది సరిగ్గా ఇక్కడే. "పొద్దున్న చచ్చిపోతున్నానంది, ఇప్పుడు చూడండి ఎలా ఉందో! రేపు లెక్కల పరీక్ష కదా, అందుకే ఈ వేషాలు" అంటారు. విచిత్రం ఏమిటంటే, ఏ లక్షణాలు చూసి మనం నాటకం అంటున్నామో, డాక్టర్లు ఆ లక్షణాలు చూసే జబ్బు పేరు చెబుతారు. వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, వికారం, పనిచేసినా మెట్లెక్కినా పోటు ఎక్కువవడం, కొన్ని గంటలుండి పూర్తిగా తగ్గిపోవడం, మధ్య రోజుల్లో మామూలుగా ఉండటం - మైగ్రేన్ అంటే ఇదే. మన పెద్దలు పార్శ్వపునొప్పి అన్నారు, ఆయుర్వేదం అర్ధావభేదకం అంది. పిల్లల విషయంలో ఆ "అర్ధం" అన్నమాట కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. పెద్దవాళ్లకి ఎక్కువగా ఒక పక్కే వస్తుంది గానీ, పిల్లలకి చాలాసార్లు రెండు కణతలూ, నుదురంతా పోటు పెడుతుంది. పెద్దల్లో నాలుగు గంటలైనా ఉంటే గానీ మైగ్రేన్ అనరు. పిల్లల్లో రెండు గంటలే ఉన్నా అది మైగ్రేనే కావచ్చునని వైద్యుల అంతర్జాతీయ కొలమానం ఒప్పుకుంది. కాబట్టి "ఒక పక్క రాలేదుగా", "రెండు గంటల్లో తగ్గిపోయిందిగా" అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

మనవైపు ఇంకో అలవాటుంది. తలనొప్పి అనగానే "సైనస్ అండీ" అంటారు. అమెరికాలో తమకి సైనస్ తలనొప్పి ఉందనుకున్న 2,991 మందిని పరీక్షించి 2004లో వెల్లడించిన అధ్యయనంలో నూటికి 88 మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలే. కళ్లజోడు సంగతీ అంతే. చూపు పరీక్ష చేయించాల్సిందే, అవసరమైతే జోడు పెట్టించాల్సిందే. జోడు పెట్టించాక కూడా వాంతితో వచ్చే తలనొప్పి ఆగకపోతే, "జోడు సరిగ్గా పెట్టుకోవట్లేదు" అని పిల్లని తిట్టడం మాత్రం అన్యాయం.

పన్నెండేళ్లు దాటాక ఏమవుతోంది?

పిల్లలకి తలనొప్పి ఎందుకు మొదలవుతుందో తెలుసుకోవాలని తొలిసారి పెద్ద ఎత్తున బళ్లకి వెళ్లి లెక్క తీసినవాడు స్వీడన్ దేశపు పిల్లల డాక్టరు బో బిల్లే. 1955లో ఉప్సాలా పట్నంలో 7 నుంచి 15 ఏళ్ల లోపు బడిపిల్లలు 8,993 మంది గురించి ఆరా తీశాడు. ఏడేళ్ల వయసులో నూటికి 1.4 మందికి మైగ్రేన్ ఉంటే, పదిహేనేళ్ల వయసుకి అది 5.3కి చేరింది. ఆయన అక్కడితో వదిలేయలేదు. నొప్పి తీవ్రంగా ఉన్న 73 మంది పిల్లల్ని నలభై ఏళ్లపాటు, వాళ్లు యాభయ్యో పడిలో పడేదాకా, గమనిస్తూ వచ్చాడు. కొందరికి పాతికేళ్లలోపే తగ్గిపోయింది. సగం మందికి పైగా మాత్రం ఆ వయసుకీ ఉంది. "ఎదిగితే అదే పోతుంది" అన్నమాట కొందరి విషయంలోనే నిజమని ఆ ఒక్క డాక్టరు ఓపిక తేల్చింది.

చిన్నతనంలో మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఈ జబ్బు ఇంచుమించు సమానంగానే వస్తుంది. రజస్వల అయ్యే వయసు దగ్గర దారి చీలుతుంది. అమెరికాలో 1991లో అచ్చయిన పరిశోధన ప్రకారం మగపిల్లలకి ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది పదకొండేళ్ల లోపు. ఆడపిల్లలకి పన్నెండు నుంచి పదిహేడేళ్ల మధ్య. పెద్దయ్యేసరికి ఒక మగవాడికి ముగ్గురు ఆడవాళ్లన్నట్టు అవుతుంది లెక్క.

కారణం ఏమిటి? ఆస్ట్రేలియా డాక్టరు బ్రయాన్ సోమర్‌విల్ 1970ల తొలి ఏళ్లలో ఒక చిన్న పరీక్ష చేశాడు. నెలసరి ముందు తలనొప్పి వచ్చే ఆడవాళ్లకి ఈస్ట్రోజన్ ఇచ్చి చూశాడు. నెలసరి వేళకే వచ్చింది గానీ తలనొప్పి వెనక్కి జరిగింది. మందు ప్రభావం తగ్గాక వచ్చింది. అంటే ఒంట్లో ఈస్ట్రోజన్ ఉండటం వల్ల కాక, అది గబుక్కున పడిపోవడం వల్ల నొప్పి లేస్తోందని అర్థమైంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లకి ఆ ఎగుడుదిగుళ్లు కొత్త. నెలసరి కూడా ఇంకా క్రమంలో పడి ఉండదు. అందుకే తలనొప్పి ఎప్పుడొస్తుందో పిల్లకీ తెలియదు, తల్లికీ తెలియదు.

ఇంకో కారణం మన ఇంట్లోనే ఉంది. తల్లికో తండ్రికో మైగ్రేన్ ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరికీ ఉంటే నాలుగింట మూడు వంతులు. 2022లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో లక్ష మందికి పైగా మైగ్రేన్ రోగుల జన్యువులు చూసి, ఈ జబ్బుతో సంబంధం ఉన్న చోట్లు 123 గుర్తించారు. ఒక్క జన్యువు చేసే పని కాదిది, వందకి పైగా చిన్న చిన్న చేతులు కలిసి చేసేది. అందుకే ఒకే కడుపున పుట్టిన అక్కకి ఉంటుంది, చెల్లికి ఉండదు. అమ్మకి నుదుటికి గుడ్డ బిగించి కట్టుకునే అలవాటుంటే, అమ్మాయి తలనొప్పి అన్నప్పుడు ఆ అమ్మకి ముందే అర్థం కావాలి. కానీ చాలామంది తల్లులు "నేను ఓర్చుకోలేదూ? నువ్వూ ఓర్చుకో" అంటారు. బాధతో పాటు ఓర్పు కూడా వారసత్వంగా ఇచ్చేస్తున్నామన్నమాట.

తలలో జరిగేదేమిటి?

రక్తనాళాలు ఉబ్బడం వల్లే ఈ నొప్పి అని చాలా కాలం అనుకున్నారు. 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో మెదడు పైపొరలో మెల్లగా పాకే ఒక విద్యుత్తు మార్పుని కనిపెట్టాడు. చెరువులో రాయి వేస్తే అల పాకినట్టే పాకుతుందది. కొందరు పిల్లలు "ముందు కళ్లల్లో మెరుపులొస్తాయి, అక్షరాలు సగం కనిపించవు, తర్వాత నొప్పి వస్తుంది" అంటారే, దాని వెనుక ఉన్నది ఆ అలే. ఇంకో మెట్టు 1990లో ఎక్కారు. మైగ్రేన్ వచ్చిన సమయంలో మెడ నరం నుంచి తీసిన రక్తంలో సి.జి.ఆర్.పి. అనే పదార్థం పెరిగి ఉందని పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ చూపించారు. మొహానికీ నుదుటికీ స్పర్శ తెలియజేసే నరం దాన్ని విడుదల చేసి, మెదడు పొరల్లో నొప్పి రగులుస్తుంది. దాన్ని అడ్డుకునే మందులు 2018 నుంచి వచ్చాయి. ఆ ఇద్దరితో పాటు మైకేల్ మాస్కోవిట్జ్, జెస్ ఒలెసెన్‌లకి కలిపి 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. 2025 ఆగస్టులో ఆ కోవలోని ఒక ఇంజెక్షన్‌ని ఆరు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి వాడొచ్చని అమెరికా అనుమతించింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, తలనొప్పికి రక్తంలో సాక్ష్యం ఉందని తెలియడానికి. దిష్టి తగిలితే వచ్చేదీ కాదు, బద్ధకం వల్ల వచ్చేదీ కాదు. మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు మార్పుని ఓర్చుకోలేదు. తిండి వేళ మారినా, నిద్ర తగ్గినా, ఎండ ఎక్కువైనా, మనసు కలతపడినా దానికి గంట మోగినట్టే. కారణం ఒంట్లో ముందే ఉంది. దాన్ని లేపేవి మాత్రం మన ఇంట్లో, బళ్లో, దారిలో ఉన్నాయి. పుట్టుకని మార్చలేం, లేపేవాటిని చాలావరకు మార్చగలం.

మన ఊళ్లో వెతకవలసినవి

కైకలూరు చుట్టుపక్కల పిల్ల రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. పొద్దున్నే బస్సు. మండవల్లి నుంచో, కలిదిండి నుంచో, లంక ఊళ్ల నుంచో బయల్దేరే పిల్లకి ఏడింటికి ముద్ద దిగదు. గ్లాసుడు టీతో ఎక్కేస్తుంది. ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉన్న పిల్లకైతే తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. మధ్యలో టిఫిన్ తినడానికి పావుగంట. నిద్ర ఐదు గంటలు. ఆదివారం మాత్రం పదింటిదాకా నిద్ర. తిండి మానడం, నిద్ర చాలకపోవడం, ఒక రోజు తక్కువా ఒక రోజు ఎక్కువా పడుకోవడం - మైగ్రేన్‌ని లేపడానికి ఇంతకన్నా మంచి టైంటేబుల్ ఎవరూ రాయలేరు.

ఇక నీళ్లు. మనది నీళ్ల దేశం. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే కొల్లేరు, చుట్టూ చేపల చెరువులు, ఉప్పుటేరు. ఇన్ని నీళ్ల మధ్య ఉండి తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కునే ఊళ్లు మనవి. ఆ కొన్న నీళ్లు కూడా ఆడపిల్ల తాగదు. ఎందుకు తాగదో ప్రతి తల్లికీ తెలుసు. బళ్లో మరుగుదొడ్డికి తలుపు గడియ ఉండదు, లేదా నీళ్లుండవు, లేదా మగపిల్లల దొడ్డి దాటి వెళ్లాలి. పొద్దున్న బయల్దేరిన పిల్ల సాయంత్రం దాకా బిగబట్టుకుని, గొంతు ఎండబెట్టుకుని కూర్చుంటుంది. నెలసరి రోజుల్లో మరీను. నీళ్లు తగ్గితే తలనొప్పి లేస్తుందని డాక్టరు రాసిచ్చే కాగితం మీద ఉంటుంది. మరుగుదొడ్డి గడియ సంగతి మాత్రం ఏ మందుల చీటీ మీదా ఉండదు.

ఎండా అంతే. చెరువు గట్ల మీద నడిచే పిల్లకి పై నుంచి ఒక సూర్యుడు, నీళ్లలోంచి ఇంకో సూర్యుడు. రొయ్యలు ఒలిచే షెడ్లకి సెలవుల్లో అమ్మ వెంట వెళ్లే పిల్లలకి ఆ వాసన, ఐసు నీళ్లు, గంటల తరబడి మెడ వంచి కూర్చోవడం. ఇంటికొస్తే చేతిలో సెల్‌ఫోను. దానికి తోడు రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తం తక్కువ. రక్తహీనత ఒక్కటే మైగ్రేన్‌కి కారణమని ఎవరూ అనరు. కానీ రక్తం తక్కువున్న పిల్లకి నీరసం, తలతిరగడం, తలబరువు ఎలాగూ ఉంటాయి. నొప్పిని ఓర్చుకునే శక్తి ఇంకా తగ్గుతుంది.

ఏలూరు నేర్పిన పాఠం

2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. ఫిట్స్, వాంతులు, తలనొప్పి, స్పృహ తప్పడం. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలు దిగారు. రక్తం తీశారు, నీళ్లు తీశారు, పాలు, కూరగాయలు తీశారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చునని ఆ నెలలోనే ప్రభుత్వానికి నివేదించారు.

అంటే వెతకాలనుకుంటే మన జిల్లాలో వెతకగలం. వారం తిరక్కుండా దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చి ఇంటింటికీ తిరిగి అడగగలరు. వీధిలో పడిపోయిన మనిషి అందరికీ కనిపిస్తాడు కాబట్టి అది జరిగింది. చీకటి గదిలో దుప్పటి ముసుగులో పడుకున్న పిల్ల ఎవరికీ కనిపించదు. నెలకి నాలుగు రోజులు బడి మానేసే పిల్లలు ఒక మండలంలో వందల్లో ఉన్నా అది "వ్యాధి ప్రబలడం" కింద రాదు. హాజరు పట్టీలో "ఆ" అని ఒక అక్షరం పడుతుంది, అంతే.

పక్క రాష్ట్రంలో మాత్రం అడిగి చూశారు. బెంగుళూరు నిమ్‌హాన్స్ వాళ్లు కర్ణాటకలో 18 నుంచి 65 ఏళ్ల వయసున్న 2,329 మందిని ఇంటింటికీ వెళ్లి అడిగారు. 2015లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్లు నూటికి 25 మంది. పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ, మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. తలనొప్పి పట్నం జబ్బు, చదువుకున్నవాళ్ల జబ్బు, నాజూకు జబ్బు అనేవాళ్లకి ఇదే సమాధానం. ఆ లెక్కలో చేరినవాళ్లంతా పద్దెనిమిది దాటినవాళ్లు. వాళ్లలో ఎంతమందికి బడి బల్ల మీదే మొదలైందో అనుకుంటే గుండె చివుక్కుమంటుంది.

పెళ్లయితే పోతుందా?

మనవైపు తలనొప్పికి రాసే ఇంకో మందు పెళ్లి. "ఓ ఇంటిదైతే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. మైగ్రేన్ మొదలయ్యే వయసూ, చదువు మాన్పించే వయసూ, పెళ్లి చేసేసే వయసూ దాదాపు ఒకటే. తరచూ బడి మానేసే పిల్లని "దీనికి చదువు అబ్బదు" అనేయడం ఎంత తేలికో చూడండి.

ఆ పాత మాటకి ఒక చిన్న ఆధారం లేకపోలేదు. గర్భిణిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా నాలుగో నెల దాటాక, చాలామందికి మైగ్రేన్ తగ్గుతుంది. కానుపయ్యాక తిరిగి వస్తుంది. అప్పటికి పురిటి నిద్రలేమి, చంటిబిడ్డ ఏడుపు, అత్తింటి చాకిరీ తోడవుతాయి. "తలనొప్పి పిల్ల" అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని దాచిపెట్టి పంపితే, అక్కడ చీకటి గది కూడా దొరకదు. ఇంకొక్క మాట ప్రతి తల్లీ గుర్తుంచుకోవాలి. నొప్పికి ముందు కళ్లల్లో మెరుపులొచ్చే రకం మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక బిళ్లలు వాడకూడదు. పక్షవాతం ప్రమాదం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. దాచిన తలనొప్పి ప్రాణం మీదకి కూడా తేవచ్చు.

బిళ్లతో జాగ్రత్త, మాటతో ఇంకా జాగ్రత్త

నొప్పి వచ్చాక గంటలు గడిచి మింగే బిళ్ల కన్నా, మొదలైన వెంటనే డాక్టరు చెప్పిన మోతాదులో వేసిన బిళ్ల బాగా పనిచేస్తుంది. పిల్లల బరువుని బట్టి మోతాదు ఉంటుంది. పదహారేళ్ల లోపు పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. నొప్పి బిళ్ల నెలలో పదిహేను రోజులు, అలా మూడు నెలలు దాటి వేసుకుంటూ పోతే, ఆ బిళ్లే తలనొప్పి తెచ్చిపెడుతుంది. కొన్ని రకాలకైతే పది రోజులే హద్దు. మందుల షాపులో "తలనొప్పి బిళ్ల ఒకటివ్వండి" అని కొనుక్కుని పెన్సిలు పెట్టెలో పెట్టుకునే పిల్లలున్నారు. ఒకసారి ఆ పెట్టె తెరిచి చూడండి.

రోజూ వేసుకునే మందుల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. అమెరికాలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద పెద్దవాళ్లకి వాడే రెండు మందుల్నీ ఉత్తుత్తి బిళ్లనీ పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. తలనొప్పి రోజులు సగానికి తగ్గినవాళ్లు ఒక మందుతో 52 శాతం, ఇంకో మందుతో 55 శాతం, ఉత్తుత్తి బిళ్లతో 61 శాతం. అయితే జబ్బూ ఉత్తుత్తిదేనా అని అడక్కండి. ఆ పిల్లలందరికీ ఒకటి సమానంగా అందింది. నొప్పి ఎప్పుడొచ్చిందని క్రమం తప్పకుండా అడిగే మనిషి, రాసుకునే పుస్తకం, నమ్మే డాక్టరు. 2013లో అచ్చయిన ఇంకో పరిశోధనలో, తీవ్రమైన మైగ్రేన్ ఉన్న 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు 135 మందికి ఒకే మందు ఇచ్చారు. ఆలోచననీ, అలవాట్లనీ, కంగారునీ అదుపులో పెట్టుకోవడం నేర్పినవాళ్లలో నూటికి 66 మందికి, మామూలుగా తలనొప్పి గురించి పాఠం చెప్పినవాళ్లలో 36 మందికి నొప్పి సగానికి తగ్గింది. మన తీర్మానం ఏమిటంటే, పిల్లని నమ్మడం కూడా వైద్యంలో భాగమే. నమ్మకపోవడం జబ్బులో భాగం.

ఇవి కనిపిస్తే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు: ఒక్కసారిగా ఎన్నడూ లేనంత భయంకరమైన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, నిద్రలోంచి లేపే నొప్పి, పొద్దున్నే లేవగానే వాంతులు, ఒక చెయ్యో కాలో పడిపోవడం, చూపు తగ్గడం, ఫిట్స్, దెబ్బ తగిలాక వచ్చిన తలనొప్పి, రోజురోజుకీ పెరిగే తలనొప్పి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒక నోటు పుస్తకం, నాలుగు ప్రశ్నలు

శాస్త్రవేత్తలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పది రూపాయల నోటు పుస్తకం కొనండి. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ పిల్ల చేతే తేదీ, వేళ రాయించండి. ముందు రోజు ఎన్ని గంటలు పడుకుంది, చివరిసారి ఎప్పుడు తింది, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగింది, నెలసరి ఎన్నో రోజు - ఈ నాలుగూ రాయించండి. ఏ బిళ్ల వేసిందో కూడా. మూడు నెలలు రాశాక మీకే దారి కనిపిస్తుంది. నెలసరికి ముందు రెండు రోజులా, శనివారం ఉపవాసం నాడా, పరీక్ష అయిపోయిన మర్నాడా తెలిసిపోతుంది. ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయనకి సగం పని తగ్గుతుంది. మీకు స్కానింగు ఖర్చు కూడా తప్పవచ్చు. మగపిల్లవాడికైనా ఇదే పద్ధతి. వాడికి తలనొప్పి అని చెప్పుకోవడమే నామోషీ, అది ఇంకో కష్టం.

బళ్లనీ ప్రభుత్వాన్నీ అడగవలసినవి కొన్నున్నాయి. 2013 నుంచి బడిపిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఉంది. 2014 నుంచి 10-19 ఏళ్ల పిల్లల కోసమే ఇంకో పథకం ఉంది. పళ్లూ కళ్లూ చూసే చోట "నెలలో ఎన్నిసార్లు తలనొప్పి వస్తుంది? దానివల్ల ఎన్ని రోజులు బడి మానావు?" అన్న రెండు ప్రశ్నలు చేర్చడానికి కొత్త జీవో అక్కర్లేదు. ఎండాకాలంలో నీళ్లు తాగమని గంట కొట్టడం 2019లో కేరళ బళ్లలో మొదలై మన రాష్ట్రం దాకా వచ్చింది. ఆ గంట ఏడాది పొడుగునా మోగాలి. దానికన్నా ముందు మరుగుదొడ్డి తలుపుకి గడియ పడాలి. డొక్కా సీతమ్మగారి పేరిట మధ్యాహ్న భోజనం 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకీ పెడుతున్నారు. ఎంతో మేలు. ఫీజులు కట్టించుకునే ప్రైవేటు కాలేజీలు కూడా పిల్లలకి టిఫిన్‌కి అరగంటా, నిద్రకి ఎనిమిది గంటలూ ఇచ్చి తీరాలని తల్లిదండ్రులు గట్టిగా అడగాలి.

చివరిగా, లెక్క. కైకలూరు 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఏలూరులో పాత ప్రైవేటు వైద్య కళాశాలతో పాటు 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. ఎం.బి.బి.ఎస్. పిల్లలు పల్లెటూళ్లలో కొన్ని కుటుంబాల్ని దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం చూడాలన్న నియమం ఉండనే ఉంది. ఆ కుటుంబాల్లో పన్నెండు దాటిన పిల్లల్ని తలనొప్పి గురించి కూడా అడగమనండి. లంక ఊరి పిల్లకీ, మెరక ఊరి పిల్లకీ తేడా ఉందా, చెరువు పనికి వెళ్లే ఇంటికీ వెళ్లని ఇంటికీ తేడా ఉందా, హాస్టలు పిల్లకీ ఇంటి పిల్లకీ తేడా ఉందా చూడమనండి. 1955లో ఒక్క డాక్టరు బళ్ల చుట్టూ తిరిగి తొమ్మిది వేల మంది పిల్లల్ని లెక్కపెట్టగలిగితే, రెండు వైద్య కళాశాలలున్న జిల్లాకి అదేం గగనం కాదు.

చేపల చెరువులో ఆక్సిజన్ ఏ వేళకి పడిపోతుందో మనవాళ్లు నిద్ర మానుకుని కొలుస్తారు. ఎకరాకి ఎన్ని పిల్లలు వదిలిందీ, ఎన్ని బతికిందీ పుస్తకంలో రాసుకుంటారు. చేపపిల్లకున్న పుస్తకం ఆడపిల్లకీ ఉండాలని అడగడం అత్యాశ కాదు కదా!